నర్సరీలో వేసే ముందు ఒక గంట అక్కడ కూర్చొని చూడండి

ఎండాకాలం సెలవులు వచ్చాయంటే హనుమకొండలో ఏ గల్లీ మూలన చూసినా నర్సరీ అడ్మిషన్ల ఫ్లెక్సీలే. ఫీజెంత, వ్యాను ఇంటిదాకా వస్తుందా అని అడిగి డబ్బులు కట్టి వచ్చేస్తాం. మా పాపకు మూడేళ్ళప్పుడు మేమూ అంతే చేశాం. రెండు నెలల్లో నోటుబుక్కు నిండా ఏబీసీడీలు రాసింది, ఇంట్లో అందరం సంబరపడ్డాం, కానీ పొద్దున బూట్లు బయటికి తీస్తే చాలు ఏడుపు, వేళ్ళు నొస్తున్నాయనేది. ఆ బడి మాన్పించి ఇంకోటి వెతికేటప్పుడు నేర్చుకున్నవే ఇవి.

ముందు రాత సంగతి. పుట్టినప్పుడు మణికట్టులోని 8 చిన్న ఎముకలు ఇంకా మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి, ఏళ్ళు గడిచేకొద్దీ ఒక్కొక్కటే గట్టిపడతాయి. మూడేళ్ళకు ఆ పని సగం కూడా కాదు. అందుకే మంచి నర్సరీలో పెన్సిల్ కంటే ముందు పిండి ముద్దలు, బంకమట్టి, కాగితం చింపి అంటించడం, పెద్ద పూసలు గుచ్చడం కనిపిస్తాయి. రేపు పెన్సిల్ పట్టే బలం వేళ్ళకు అక్కడే వస్తుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా 3 నుంచి 8 ఏళ్ళ దాకా ఒకే పునాది దశ అంది, అందులో చదువు ఆటతోనే సాగాలంది. తల్లిదండ్రులే రాయించమని అడుగుతున్నారని బడివాళ్ళు అంటారు, అది నిజమే, కాబట్టి అడగడం మనమే మానాలి.

ఇక చూడటానికి వెళ్ళండి. అడ్మిషన్ రోజు కాదు, మామూలు రోజు, పొద్దున పదింటికి, ఒక గంట. టీచర్ ఒక్కరే గట్టిగా చెప్పడం, పిల్లలంతా కోరస్‌గా అనడం, గంటంతా ఇదే నడిస్తే అక్కడ వద్దు. టీచర్ పిల్లల ఎత్తుకు కింద కూర్చుని ఏదో అడిగి, జవాబు వచ్చేదాకా ఓపిగ్గా ఆగుతున్నారా చూడండి, ఎందుకంటే ఆ ఆగడంలోనే పిల్లవాడు మాట వెతుక్కుని వాక్యం కట్టుకోవడం నేర్చుకుంటాడు. పిల్లలను లెక్కపెట్టండి. 3 నుంచి 6 ఏళ్ళ వాళ్ళకు 20 మందికి ఒక టీచర్, అంతకన్నా చిన్నవాళ్ళయితే 10 మందికి ఒకరు ఉండాలనేది కేంద్రం పెట్టిన ప్రమాణం. బాత్రూమ్ కూడా చూడండి, మొహమాటం వద్దు.

నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది భాష. మన పిల్లలు ఇంట్లో ‘గిట్ల, గట్ల’ అంటారు, కొన్ని ఇళ్ళల్లో ఉర్దూ, తండా నుంచి వచ్చిన పిల్లలకు లంబాడీ. ఆ మాట విని టీచర్ నవ్వినా, ఇంగ్లిష్‌లోనే చెప్పమన్నా పిల్ల నోరు మూసుకుంటుంది, మూసిన నోటికి ఇంగ్లిష్ కూడా రాదు. ఇంటి భాషలో కథ చెప్పగలిగిన పిల్లకు రెండో భాష దాని మీదే నిలబడుతుంది.

లెక్కలు కూడా ఇంతే. బతుకమ్మ పేర్చేటప్పుడు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. తంగేడు ఒక కుప్ప, గునుగు ఒక కుప్ప, కింద పెద్ద వరుస, పైకి పోయేకొద్దీ చిన్న వరుస, ఒక రంగు తర్వాత ఇంకో రంగు. వేరు చేయడం, పెద్దా చిన్నా, వరుసక్రమం అన్నీ అందులో ఉన్నాయి. వంద దాకా అప్పజెప్పి ఐదు గింజలు ఇవ్వమంటే గుప్పెడు ఇచ్చే పిల్లలను చూశాను.

ఫీజు భారమైతే, కాకపోయినా సరే, మీ వాడలోని అంగన్‌వాడీకి ఒకసారి వెళ్ళి చూడండి. 1975 అక్టోబర్ 2న మొదలైన పథకం అది, 3 నుంచి 6 ఏళ్ళ పిల్లలకు ఆటపాటల చదువు, భోజనం, గుడ్డు, బరువు ఎత్తు చూడటం, అన్నీ ఉచితం. అన్ని సెంటర్లూ ఒకేలా ఉండవు, టీచర్‌ను బట్టి ఉంటుంది, అది ప్రైవేటులోనూ అంతే.

మొదటి వారం ఏడుస్తారు, టెన్షన్ పడకండి. మొదట గంట, తర్వాత రెండు గంటలు ఉంచి, మెల్లగా పెంచండి. కన్నుగప్పి జారుకోవద్దు, అమ్మ ఎప్పుడు మాయమవుతుందో అన్న భయం ఇంకా పెరుగుతుంది. టాటా చెప్పండి. పన్నెండింటికి వస్తా అంటే వాళ్ళకు అర్థం కాదు, అన్నం తిన్నాక వస్తా అనండి, చెప్పినట్టే రండి.

సాయంత్రం ‘ఏం రాశావు’ అని అడగకండి. ఎవరితో ఆడావు, ఎవరు ఏడ్చారు, నువ్వేం చేశావు అని అడగండి. కొత్త బడిలో నెల తర్వాత మా పాప, పక్క పిల్లాడు కింద పడితే లేపి తన బిస్కెట్ ఇచ్చానని చెప్పింది, ఆ రోజు నోటుబుక్కు తీసి చూడాలని నాకు అనిపించలేదు.