ఇంటి పనుల నడుమ ప్రేమ నవల రాయడం ఎలా?

ప్రేమ నవల రాయాలనుకునే ఇల్లాలు మొట్టమొదట అడిగే ప్రశ్న, రోజూ రెండు గంటల తీరిక ఎక్కడి నుంచి వస్తుందని. రాదు. మొదట వారపత్రికలకూ, తరువాత ప్రతిలిపి వంటి యాప్‌లకూ సీరియళ్లు రాస్తూ, ఇద్దరు పిల్లలనూ అత్తమామలనూ చూసుకుంటూ పన్నెండేళ్లు గడిపాక నాకు అర్థమైనదేమిటంటే, తీరిక లేకపోవడం కన్నా నిన్న కథను ఎక్కడ ఆపామో గుర్తులేకపోవడమే మనకు ఎక్కువ నష్టం చేస్తుంది. పావుగంట దొరికితే పది నిమిషాలు పాత పేజీలు తిరగేయడానికే పోతాయి, మిగిలిన ఐదు నిమిషాల్లో కుక్కర్ కూత వేస్తుంది. కింద చెప్పే పద్ధతుల్లో చాలావరకు ఆ పది నిమిషాలను మిగుల్చుకోవడానికి నేను నేర్చుకున్నవే.

ముందుగా లెక్క చూసుకోండి. రోజుకు 300 పదాల చొప్పున వారానికి ఐదు రోజులు రాస్తే 1,500 పదాలవుతాయి, అంటే వారానికి ఒక భాగం. అలా 40 వారాలు సాగితే 60,000 పదాల నవల చేతికొస్తుంది. ఏడాదిలో మిగిలే 12 వారాలను సంక్రాంతికీ, పిల్లల పరీక్షలకూ, వేసవిలో వచ్చే చుట్టాలకూ, ఇంట్లో ఒకరి తరువాత ఒకరికి వచ్చే జ్వరాలకూ ముందే వదిలేయాలి. శని, ఆదివారాల్లో రాస్తానని ఎవరికీ మాట ఇవ్వకండి, మీకు మీరు కూడా ఇచ్చుకోకండి.

అన్నిటికన్నా ముఖ్యమైన పద్ధతి, సన్నివేశం పూర్తి చేసి లేవకపోవడం. తరువాతి వాక్యం ఏమిటో స్పష్టంగా తెలిసిన చోటనే కలం పక్కన పెట్టాలి. ఒకరోజు పొద్దున క్యారేజీలు సర్దే వేళకు ముందు ఒక సన్నివేశం రాస్తున్నాను. బస్టాండులో వాన కురుస్తోంది, నాయకుడు తన గొడుగు నాయిక చేతిలో పెట్టి బస్సెక్కేశాడు. ఇంకో నాలుగు వాక్యాలు రాస్తే ఆ భాగం అయిపోయేది. రాయకుండా, పాత కరెంటు బిల్లు వెనుక "గొడుగు పిడి ఇంకా వెచ్చగా ఉంది, ఆమె గొడుగు తెరవలేదు, తడుస్తూనే నడిచింది" అని రాసి, ఆ కాగితాన్ని పోపులపెట్టె కింద దూర్చాను. మరునాడు ఆవాల కోసం పెట్టె తీసేసరికి కాగితం కనిపించింది. తాలింపు వేగేలోపు మొదటి వాక్యం సిద్ధమైంది, పిల్లలు బడికి వెళ్లిన మరో పావుగంటకు ఆ భాగం ముగిసింది. కాగితం ఎక్కడ పెట్టాలన్నది మీ వంటింటిని బట్టి ఉంటుంది కానీ, డైరీలో మాత్రం పెట్టకండి. డైరీ తెరవాలంటే తీరిక కావాలి, పోపులపెట్టె ఎలాగూ తెరుస్తాం.

రచనలో ఉన్న పనులన్నీ ఒక రకమైనవి కావు కాబట్టి వాటిని విడదీసుకోవాలి. కొత్త సన్నివేశానికి బుర్ర తేటగా ఉండాలి, అందుకు నాకు తెల్లవారుజాము తప్ప వేరే వేళ పనికిరాదు. తప్పులు దిద్దడం పిల్లల హోంవర్కు పక్కన కూర్చుని కూడా చేయవచ్చు. సంభాషణలు కూర్చుకోవడానికి తోటకూర గిల్లే పని కన్నా మంచి అవకాశం లేదు, ఎందుకంటే చేతులకు పని ఉండి నోటికి ఉండదు. ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టుకుని ఇద్దరి మాటలూ నేనే పలుకుతాను. న, ణ, ల, ళ అప్పుడప్పుడు తారుమారవుతాయి, కొటేషన్ గుర్తులు మనమే పెట్టుకోవాలి, అయినా ముడిసరుకు చేతిలో ఉంటుంది. ఇక్కడొక హెచ్చరిక. ఫోన్‌లో మనం రాసేది యూనికోడ్, అంటే ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి; ముద్రణ కోసం డీటీపీ చేసే, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే చాలామంది ఇప్పటికీ యూనికోడ్‌తో పొసగని "అను" అనే ఫాంట్లు వాడతారు. ఒక దాని నుంచి ఇంకొక దానికి మార్చేటప్పుడు ఒకసారి వత్తులు రాలిపోయి, నా నవలలో అత్త ఉన్న చోటల్లా "అత" మిగిలింది. ప్రూఫులు మీరే చదువుతానని ముందుగానే చెప్పండి.

సీరియల్ మొదలుపెట్టేనాటికి కనీసం ఎనిమిది భాగాలు పూర్తయి చేతిలో ఉండాలి. పరీక్షల నెలలో గానీ, ఆసుపత్రి చుట్టూ తిరిగే రోజుల్లో గానీ ఆ నిల్వే మిమ్మల్ని కాపాడుతుంది. నిల్వ మూడు భాగాలకు పడిపోతే, పాఠకులు ఎంత అడిగినా వారానికి రెండు భాగాలు ఇవ్వకండి.

ఇంట్లో వాళ్లతో ఈ పనిని "నా కాలక్షేపం" అని మీరే అంటే వాళ్లూ అలాగే చూస్తారు. "అమ్మ రాసుకుంటోంది" అంటే చిన్నపిల్లలకు ఏమీ బోధపడదు, పెద్ద ముల్లు ఆరు మీదికి వచ్చేదాకా పిలవకూడదంటే బోధపడుతుంది. పెద్ద ముల్లు ఆరు మీదికి రాగానే లేవడం మన బాధ్యత, లేకపోతే మరునాడు ఆ మాట చెల్లదు. ఇక అత్తగారి సంగతి. చాలామంది రచయిత్రులు అత్తగారి దగ్గర రాతను దాచుకుంటారు, నేను కూడా రెండేళ్లు దాచాను, అది నా తెలివితక్కువతనం. ఆవిడ తరం యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన సీరియళ్ల కోసం వారపత్రిక వచ్చే రోజును లెక్కపెట్టుకున్న తరం, ఎమెస్కో పాకెట్ పుస్తకాలను అద్దెకు తెచ్చుకుని చదివిన తరం. ఆ రోజుల్లో రచయిత్రుల పేర్లకున్న గిరాకీ చూసి కొందరు మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకుని రాశారంటే, మన ఇళ్లలోని పెద్దవాళ్లు ఎంతటి పాఠకులో ఊహించవచ్చు. మా అత్తగారికి మొదటిసారి ఒక భాగం చదివి వినిపిస్తే, ఆవిడ కళ్లజోడు సవరించుకుని, "అంతా బాగుందమ్మా, ఆషాఢంలో ముహూర్తం పెట్టావేమిటి?" అన్నారు. పత్రికకు పంపే ముందు ప్రతి భాగం అప్పటి నుంచి ఆవిడ చెవిన పడుతోంది, ఆ గంటసేపు పొయ్యి మీద పాలు కూడా ఆవిడే చూస్తారు.

అయితే ఇంటి సంగతులను కథలోకి తెచ్చేటప్పుడు జాగ్రత్త అవసరం. ఆరడుగుల నాయకుడు, పొడవాటి కారు ఎవరైనా రాయగలరు. ప్రేమను చూపించేవి చిన్న పనులే, అవి మనకు దొరికేది ఇంట్లోనే. మా మామగారికి పెరుగు వడ్డించేటప్పుడు అత్తగారు మీగడను గరిటె అంచుతో ఒక పక్కకు జరిపి, ఏమీ ఎరగనట్టు ఆయన విస్తట్లోనే వేస్తారు. ఆ దృశ్యాన్ని ఉన్నదున్నట్టుగా ఒక నవలలో పెట్టాను. చదివిన బంధువులు నవ్వుతూ ఆయన దగ్గర ప్రస్తావించారు, అత్తగారు నెల రోజులు మీగడ పక్కకు జరపలేదు. నాకు అది ఇప్పటికీ తప్పు చేసినట్టే అనిపిస్తుంది. అప్పటి నుంచి ఇంటి నుంచి తీసుకున్న ప్రతి దృశ్యంలోనూ వస్తువునూ, వయసులనూ, చోటునూ మారుస్తాను. మీగడ కాస్తా మామిడి టెంక అయితే ప్రేమ ఎక్కడికీ పోదు, మనిషి గుట్టు మిగులుతుంది. మీ వారితో మీకున్న తగాదాలను కథలోకి తేవద్దని వేరే చెప్పనక్కరలేదు.

శృంగార సన్నివేశాల దగ్గర బిడియం సహజం. పిల్లల బడి వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్లు కూడా చదువుతారన్న భయం ఉంటే కలంపేరు పెట్టుకోండి. కాకపోతే పారితోషికం బ్యాంకులో పడేది అసలు పేరు మీద కాబట్టి, ఒప్పందంలో రెండు పేర్లూ ఉండాలి.

ఒప్పందం విషయంలో మొహమాటం పనికిరాదు. ఒక ప్రచురణకర్త ఫోన్‌లో "మనలో మనకు కాగితాలెందుకమ్మా" అన్న మాటకు సరేనని, నా నవల రెండో ముద్రణ వచ్చిన సంగతి పుస్తక ప్రదర్శనలో చూసి తెలుసుకున్నాను. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం హక్కులను రాతపూర్వకంగా, సంతకంతో ఇస్తేనే బదిలీ చెల్లుతుంది. గడువు రాయకపోతే ఐదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ భావించాలని కూడా ఆ సెక్షనే చెబుతుంది. అందువల్ల ముద్రణ, ఆడియో, అనువాదం, సినిమా హక్కులను విడివిడిగా రాయించుకోవాలి. చాలా పత్రికలు "ఇది ఎక్కడా ప్రచురితం కాలేదు" అన్న హామీపత్రం అడుగుతాయి కాబట్టి, పత్రికకు పంపదలచిన నవలలో ఒక్క భాగం కూడా యాప్‌లో పెట్టకూడదు. రచయిత తదనంతరం 60 ఏళ్ల వరకు కాపీరైట్ వారసులకు ఉంటుంది, అందుకని ఆ కాగితాలను నేను ఇంటి దస్తావేజులున్న బీరువాలోనే ఉంచుతాను.

ఎంత జాగ్రత్తపడినా, ఎప్పుడో ఒకప్పుడు నెలా రెండు నెలలు రాత ఆగిపోతుంది. తిరిగి మొదలుపెట్టేటప్పుడు మొదటి నుంచీ చదువుతూ కూర్చుంటే చదవడంతోనే సరిపోతుంది. చివరి రెండు భాగాలు, వాటితో పాటు పాత్రల పట్టిక చూస్తే చాలు. ఆ పట్టికలో పేరు, వయసు, ఊరు, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారు, కళ్లజోడు, పుట్టుమచ్చలు అన్నీ ఉండాలి. అత్తగారి కంటి ఆపరేషన్ హడావుడిలో ఆరు వారాలు ఆగి, పట్టిక చూడకుండా రాసిన భాగంలో మా నాయకుడి కళ్లజోడు మాయమైంది. "ఆయనకు కూడా ఆపరేషన్ అయిందా అండీ?" అని ఒక పాఠకురాలు అడిగింది. తరువాతి భాగంలో కళ్లజోడు నాయిక హ్యాండ్‌బ్యాగులో దొరికింది, దాంతో వాళ్లిద్దరూ మళ్లీ కలుసుకోవడానికి నాకొక కారణం కూడా దొరికింది.