ఇన్వాయిస్ అని వచ్చింది, తెరిస్తే ఇంకేదో: అటాచ్‌మెంట్ అనుమానాలు, పరిష్కారాలు

తెలియనివాళ్లు పంపిన అటాచ్‌మెంట్ తెరవొద్దు అని చెప్పడం తేలికే. కానీ అకౌంట్స్ చూసేవాళ్లకి తెలియనివాళ్ల ఇన్వాయిస్‌లు తెరవడమే ఉద్యోగం. ఆ సంగతి దొంగలకీ తెలుసు కాబట్టే పర్చేజ్ ఆర్డర్, కొటేషన్, పేమెంట్ రసీదు లాంటి పేర్లే పెట్టి పంపుతారు. అందుకే స్క్రీన్ మీద ఏం కనిపిస్తే ఏం అనుమానించాలో, అప్పుడేం చేయాలో రాస్తున్నాను.

సమస్య: పేరు చివర పీడీఎఫ్ అనే ఉంది, కానీ ఏదో తేడాగా ఉంది

కారణం: విండోస్ తనకు తెలిసిన ఫైల్ రకాల ఎక్స్‌టెన్షన్‌ని, అంటే పేరు చివర చుక్క తర్వాత ఉండి ఫైల్ రకం చెప్పే అక్షరాలను, మామూలుగా దాచేస్తుంది. అసలు పేరు 'ఇన్వాయిస్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ' అయితే మనకు కనిపించేది 'ఇన్వాయిస్ డాట్ పీడీఎఫ్' వరకే. ఈఎక్స్ఈ అంటే తెరవగానే నడిచే ప్రోగ్రామ్. ఇక ఐకాన్ సంగతంటారా, ప్రోగ్రామ్ రాసినవాడు ఏ బొమ్మ కావాలంటే ఆ బొమ్మ పెట్టుకోవచ్చు. 2000 మే నెలలో ప్రపంచాన్ని చుట్టేసిన 'ఐ లవ్ యూ' వైరస్ చేసిందీ ఇదే. చూడ్డానికి టెక్స్ట్ ఫైల్, చివర మాత్రం వీబీఎస్, అంటే తెరిస్తే నడిచే స్క్రిప్ట్.

పరిష్కారం: విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి వ్యూ, అందులో షో, అందులో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' టిక్ చేయండి. అయినా షార్ట్‌కట్ ఫైళ్ల ఎక్స్‌టెన్షన్ కనిపించదు. పేరులో అక్షరాలను కుడి నుంచి ఎడమకు తిప్పి చూపించే ఒక కంటికి కనబడని గుర్తు చొప్పించి మోసం చేసేవాళ్లూ ఉన్నారు. కాబట్టి పేరును నమ్మకండి, డీటెయిల్స్ వ్యూలో 'టైప్' అనే కాలమ్ చూడండి. అక్కడ అప్లికేషన్, షార్ట్‌కట్, స్క్రిప్ట్ అని ఉంటే అది ఇన్వాయిస్ కాదు.

సమస్య: వర్డ్ ఫైల్ తెరుచుకుంది, లోపల అంతా మసగ్గా ఉంది

మధ్యలో ఒక పెట్టె ఉంటుంది. 'ఈ డాక్యుమెంట్‌కి రక్షణ ఉంది, చదవాలంటే పైన ఎనేబుల్ ఎడిటింగ్, తర్వాత ఎనేబుల్ కంటెంట్ నొక్కండి' అని. పక్కనే ఆఫీస్ లోగో కూడా. చూసినవాళ్లు అది వర్డ్ చెబుతున్న మాటే అనుకుంటారు. కానీ వర్డ్ మాట్లాడేది పైన ఉండే పట్టీలోనే. పేజీలో ఉన్నదంతా పంపినవాడు పెట్టుకున్న బొమ్మ.

కారణం: ఆ బొమ్మ వెనక మాక్రో, అంటే డాక్యుమెంట్‌లో దాగి ఉండే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. మీరు బటన్ నొక్కితే తప్ప అది కదలదు, అందుకే అంత బతిమాలడం. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి ముందే ఆపేస్తోంది. దాంతో 'ప్రాపర్టీస్‌లోకి వెళ్లి అన్‌బ్లాక్ టిక్ చేయండి' అని చెప్పే మెయిళ్లు మొదలయ్యాయి.

పరిష్కారం: ఏ బటనూ నొక్కకుండా మూసేయండి. నిజమైన ఇన్వాయిస్‌ని చదవడానికి ప్రొటెక్టెడ్ వ్యూ (ఎడిటింగ్ లేకుండా చదవడానికి మాత్రమే ఆఫీస్ తెరిచే పద్ధతి) చాలు. చదవడానికి ముందు మీ చేత పని చేయించే ఏ ఫైల్‌నైనా అనుమానించండి.

బటన్ నొక్కకపోయినా పని కానిచ్చేసే రకాలూ లేకపోలేదు. 2022లో బయటపడిన 'ఫోలినా' లోపానికి మాక్రోలతో పనే లేదు. అక్కడ మన జాగ్రత్త ఒక్కటే సరిపోదు, విండోస్, ఆఫీస్ అప్‌డేట్లు వాయిదా వేయకుండా ఉండాలి.

సమస్య: జిప్ ఫైల్ పంపి, పాస్‌వర్డ్ అదే మెయిల్లో రాశారు

కారణం: పాస్‌వర్డ్ ఉన్న జిప్‌ని చాలా మెయిల్ స్కానర్లు తెరిచి చూడలేవు. తాళం వేసి తాళంచెవి పక్కనే పెట్టేవాళ్లకి రహస్యం కాపాడే ఉద్దేశం ఏముంటుంది? పరిష్కారం: మామూలు పీడీఎఫ్‌గా మళ్లీ పంపమనండి. ఐఎస్ఓ ఫైల్‌గా (డిస్క్‌లోని సరుకంతా ఒకే ఫైల్‌గా చుట్టినది) వచ్చిన బిల్లుకైతే ఆ మాట కూడా అనవసరం, ఐటీ వాళ్లకి చూపించండి చాలు.

సమస్య: మెయిల్ తెలిసినవాళ్ల నుంచే, పాత సంభాషణకి జవాబుగానే వచ్చింది

నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. కారణం: అవతలివాళ్ల మెయిల్‌బాక్స్ దొంగల చేతికి చిక్కి ఉంటుంది. 'ఎమోటెట్' అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) దొంగిలించిన పాత మెయిళ్లకే జవాబులు తయారుచేసి అటాచ్‌మెంట్లు పంపేది. 2021 జనవరిలో పలు దేశాల పోలీసులు కలిసి దాన్ని పడగొడితే, అదే ఏడాది నవంబరుకల్లా తిరిగొచ్చింది.

పరిష్కారం: ఫోన్ చేయండి. మెయిల్లో ఇచ్చిన నంబరుకి కాదు, మీ దగ్గర ముందే ఉన్న నంబరుకి. 'ఇప్పుడే ఏదైనా పంపారా అండీ?' అని ఒక్క ముక్క అడిగితే తేలిపోతుంది. జవాబు మెయిల్ కొట్టి అడిగితే మాత్రం దొంగే 'అవును, నేనే పంపాను' అంటాడు.

సమస్య: అటాచ్‌మెంట్ తెరిస్తే మెయిల్ పాస్‌వర్డ్ అడుగుతోంది

అది సాధారణంగా హెచ్‌టీఎంఎల్ ఫైల్, అంటే బ్రౌజర్‌లో తెరుచుకునే వెబ్ పేజీ. లాగిన్ పేజీలా కనిపిస్తుంది, కొట్టిన పాస్‌వర్డ్ నేరుగా దొంగకి వెళ్తుంది. మూసేయండి. కొట్టేసి ఉంటే వెంటనే పాస్‌వర్డ్ మార్చండి.

సమస్య: తెరిచేశాను, ఏమీ కాలేదు

ఏమీ కనిపించకపోవడమే అసలు టెన్షన్. ముందు వైఫై ఆపేసి, కేబుల్ పీకేయండి. ఫైల్ డిలీట్ చేసి నోరు మూసుకుని కూర్చోకండి, ఎవరేమంటారోనన్న భయం పక్కనపెట్టి ఐటీ వాళ్లకి వెంటనే చెప్పండి. ఐటీ వాళ్లు లేకపోతే విండోస్‌తోనే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. పాస్‌వర్డ్‌లు మార్చేది వేరే కంప్యూటర్ నుంచో ఫోన్ నుంచో, ఈ కంప్యూటర్ నుంచి మాత్రం కాదు. అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయండి.

ఆ తర్వాత మెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వార్డింగ్, రూల్స్ తెరిచి చూడండి. 'ఇన్వాయిస్' అన్న మాట ఉన్న ప్రతి మెయిల్నీ బయటి అడ్రసుకి పంపించే రూల్ ఒకటి దొంగలు పెట్టి పోతే, పాస్‌వర్డ్ మార్చినా అది అలాగే పనిచేస్తూ ఉంటుంది. మీరు పెట్టని రూల్ కనిపిస్తే ముందు ఫొటో తీసుకుని, తర్వాత తీసేయండి.