క్లౌడ్ ఉద్యోగం కోసం చదువుతున్నారా? సర్టిఫికేషన్‌కి ముందు ఈ ప్రాక్టీస్ చేయండి

సర్టిఫికేషన్ పరీక్షకి ఫీజు కట్టేముందు, ఒక చిన్న వెబ్‌సైట్‌ను మీ చేత్తో క్లౌడ్‌లో పెట్టి చూడండి. అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్‌లో ఖాతా తెరవగానే, ఖాతాపై పూర్తి అధికారం ఉండే రూట్ యూజర్‌కి ఎంఎఫ్ఏ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో ధృవీకరణ) పెట్టండి. బిల్లు ఒక డాలర్ దాటితే మెయిల్ వచ్చేలా బడ్జెట్ అలర్ట్ కూడా పెట్టుకోండి. అది హెచ్చరిస్తుందే తప్ప ఖర్చును ఆపదు.

వీపీసీ (క్లౌడ్‌లో మీ సొంత నెట్‌వర్క్), అందులో ఒక భాగమైన పబ్లిక్ సబ్‌నెట్, ఇంటర్నెట్‌కి ద్వారంలాంటి ఇంటర్నెట్ గేట్‌వే, ట్రాఫిక్ ఎటు వెళ్లాలో చెప్పే రూట్ టేబుల్ ఒక్కొక్కటిగా మీరే తయారుచేసి, ఈసీ2 సర్వర్ (ఏడబ్ల్యూఎస్‌లో అద్దెకు తీసుకునే కంప్యూటర్) మీద ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ నడపండి. సైట్ తెరుచుకున్నాక అసలు చదువు మొదలవుతుంది. రూట్ టేబుల్‌లో ఇంటర్నెట్‌కి దారి చూపే 0.0.0.0/0 లైను తీసేయండి. బ్రౌజర్ చాలాసేపు తిరిగి టైమ్ అవుట్ అంటుంది. మీ ఎస్ఎస్‌హెచ్ (సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే కనెక్షన్) కూడా పోతుంది, కంగారు పడకండి, ఏడబ్ల్యూఎస్ వెబ్ కన్సోల్‌లో ఆ లైను మళ్లీ పెట్టేయొచ్చు. అది పెట్టాక, ఈసారి ఎన్‌జిన్‌ఎక్స్‌ను ఆపండి. వెంటనే 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అని వస్తుంది. టైమ్ అవుట్ అయితే ముందు దారి, సెక్యూరిటీ గ్రూప్ (సర్వర్‌కి ఏ ట్రాఫిక్‌ను రానివ్వాలో చెప్పే నియమాలు) చూడాలి. రెఫ్యూజ్డ్ అంటే చాలావరకు సర్వర్ దాకా చేరాం, కానీ ఆ పోర్ట్‌లో (సర్వర్‌పై ఒక్కో ప్రోగ్రామ్‌కి ఉండే నంబర్) వినే ప్రోగ్రామ్ లేదు. "సైట్ రావట్లేదు, ముందు ఏం చూస్తారు?" అని ఇంటర్వ్యూలో అడిగితే, ఇది చేసి చూసినవాళ్లు తడుముకోరు.

పని అయ్యాక సర్వర్‌ను స్టాప్ చేస్తే సరిపోదు, డిస్క్‌కి ఛార్జీ పడుతూనే ఉంటుంది, టెర్మినేట్ చేయండి. ఎలాస్టిక్ ఐపీ (మారని పబ్లిక్ అడ్రస్) తీసుకుంటే దాన్ని రిలీజ్ చేసేయండి. 2024 ఫిబ్రవరి నుంచి, ఉచిత పరిమితి దాటితే పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కి గంటకు 0.005 డాలర్లు. ప్రైవేట్ సబ్‌నెట్‌లోని సర్వర్లను ఇంటర్నెట్‌కి వెళ్లనిచ్చే నాట్ గేట్‌వే పెట్టి చూస్తే అదే రోజు తీసేయండి, ట్రాఫిక్ లేకపోయినా గంటల లెక్కన బిల్లు పడుతుంది.