అమెరికాలో అప్పులు మీద పడితే బ్యాంక్రప్సీ లాయర్‌ని ఎలా ఎంచుకోవాలి: శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవారికి

మన జిల్లాల్లో "ఫలానా ఆయన ఐపీ పెట్టేశాడట" అనే మాట ఒక్క పూటలో వీధి దాటేస్తుంది. ఆ ఐపీ వెనకాల 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం, ఏళ్ల తరబడి వాయిదాలు, పరువు పోయిందన్న కుములుడు అన్నీ ఉంటాయి. అమెరికాలో బ్యాంక్రప్సీ అన్నా అదే గుర్తొస్తుంది కాబట్టి మనవాళ్లు లాయర్ గుమ్మం ఎక్కేలోపు చేయకూడనివన్నీ చేసేస్తారు. ఊళ్లో పొలం అమ్మించి డబ్బు తెప్పిస్తారు. 401(కె) అనే ఉద్యోగుల రిటైర్మెంట్ ఖాతాలో దాచుకున్నది పన్ను, జరిమానా కట్టి మరీ బయటికి తీసి క్రెడిట్ కార్డులకు పోస్తారు. నిజానికి ఆ 401(కె) బ్యాంక్రప్సీలో అప్పులవాళ్లు ముట్టుకోలేని సొమ్ము. అప్పు తీరదు, దాచుకున్నదీ పోతుంది.

ముందు రెండు భయాలు తీర్చుకోండి. బ్యాంక్రప్సీ వేయడానికి సిటిజన్‌షిప్ గానీ గ్రీన్‌కార్డు గానీ అక్కర్లేదు. అమెరికాలో నివాసం ఉన్నా, అక్కడ ఆస్తి ఉన్నా చాలు. బ్యాంక్రప్సీ వేసినంత మాత్రాన వీసా పోదు, దేశం నుంచి పంపించేయరు. ప్రమాణం చేసి అబద్ధం చెబితే, ఆస్తి దాచిపెడితే మాత్రం అది ఫెడరల్ నేరం, 5 ఏళ్ల దాకా జైలు ఉంటుంది. వీసాకి ముప్పు వచ్చేది అక్కడే. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ అబద్ధం, తెలిసి గానీ తెలియక గానీ, మీ కాగితాల్లోకి రాకుండా చూసే లాయర్‌ని పట్టుకోవడం గురించే.

వ్యక్తులు వేసేవి ముఖ్యంగా రెండు రకాలు. చాప్టర్ 7లో మినహాయింపు (చట్టం మీకే వదిలేసే ఆస్తి) పోగా మిగిలింది ఉంటే ట్రస్టీ, అంటే మీ కేసు చూడటానికి నియమించినాయన, అమ్మి అప్పులవాళ్లకి పంచుతారు, క్రెడిట్ కార్డులు, ఆసుపత్రి బిల్లుల్లాంటి అప్పులు సుమారు 4 నెలల్లో రద్దవుతాయి. చాప్టర్ 13లో 3 నుంచి 5 ఏళ్లు జీతంలోంచి వాయిదాలు కడతారు. మీ గత 6 నెలల ఆదాయం మీ రాష్ట్రంలో అంతే మంది ఉన్న కుటుంబపు మధ్యస్థ ఆదాయం కన్నా తక్కువుంటే చాప్టర్ 7కి దారి సులువు. ఎక్కువుంటే ఖర్చులు తీసేసి లెక్క కట్టాలి. ఆ లెక్క లాయర్ పని. ఉద్యోగం పోయినవాళ్లకి నెల ఆగితే సగటు పడిపోయి లెక్క మారిపోవచ్చు. మంచి లాయర్ ఆ నెల ఆగమని తనే చెబుతారు.

ఊరి గురించి అడగని లాయర్ వద్దు

చాలా చోట్ల మొదటి కన్సల్టేషన్‌కి డబ్బు తీసుకోరు. అరగంట దొరుకుతుంది. ఆ అరగంటలో ఆయన మీకు ఏం చెప్పారన్నది కాదు, మిమ్మల్ని ఏం అడిగారన్నది చూసుకోండి. జీతం, కార్డులు, కారు లోను అందరూ అడుగుతారు. "ఇండియాలో మీ పేరున ఏమైనా ఉందా, మీ వాటా ఏమైనా వస్తుందా, ఇంటికి డబ్బు పంపారా, మీ అప్పుకి అక్కడ ఎవరైనా సంతకం పెట్టారా" అని అడిగేవాళ్లు తక్కువ. మనవాళ్ల కేసులు చిక్కుపడేది ఈ నాలుగు ప్రశ్నల దగ్గరే.

చట్టం ప్రకారం మీ ఆస్తి ఎక్కడున్నా, ఎవరి చేతిలో ఉన్నా బ్యాంక్రప్సీ లెక్కలోకి వస్తుంది. టెక్కలిలో ఇంటి స్థలం, అమ్మ లాకర్‌లో మీ పెళ్లి బంగారం, ఎల్ఐసీ పాలసీ, ఎన్ఆర్ఈ ఖాతా, సగం కట్టిన చీటీ అన్నీ రాయాలి. రాసినంత మాత్రాన పోవు, మినహాయింపులుంటాయి. రాయకపోతే మాత్రం మొత్తం అప్పుల రద్దే ఆగిపోవచ్చు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. సోంపేట దగ్గర 70 సెంట్ల జీడితోట నాన్న పేరున ఉంది. అది నాన్న సొంతంగా కొన్నదైతే, ఆయన ఉండగా అందులో మీకు హక్కు లేదు, మీ ఆస్తుల షెడ్యూల్‌లో అది రాదు. తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే పంపకాలు కాకపోయినా మీకు పుట్టుకతోనే వాటా ఉంటుంది, ఆ వాటా విలువ కట్టి చూపాలి. ఆడపిల్లలకీ ఇదే వర్తిస్తుంది. "కట్నం ఇచ్చేశాం, దానికింక వాటా లేదు" అని ఇంట్లో అనుకున్నా, ఉమ్మడి రాష్ట్రంలో 1986 సవరణ, దేశమంతటికీ 2005 సవరణ వచ్చాక చట్టం అలా అనుకోదు. 1986 సవరణకి ముందే పెళ్లయినవాళ్లకి కూడా 2005 తర్వాత లెక్క మారింది. అమెరికా లాయర్‌కి ఇదంతా తెలిసి ఉండాలని ఆశించలేం. "నాకు తెలియదు, అక్కడి వకీలు దగ్గర కాగితం తెప్పించండి" అనగలిగితే చాలు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో సివిల్ కేసులు చూసే వకీలు చేత ఇంగ్లీషులో ఒక పేజీ అభిప్రాయం రాయించి, దానికి 1బీ, అడంగల్, ఈసీ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మార్కెట్ విలువ పత్రం జతచేయండి. ప్రభుత్వ విలువకీ ఊళ్లో పలికే ధరకీ తేడా ఉంటుందని కూడా లాయర్‌కి చెప్పండి. షెడ్యూల్‌లో పెట్టాల్సింది నిజంగా పలికే ధర.

అమెరికా కాగితాలు మొదలుపెట్టాక గాభరాపడి వాటాని తమ్ముడి పేరున రాసేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. కేసు వేయడానికి ముందు 2 ఏళ్లలో చేసిన బదిలీలను ట్రస్టీ తిరగదోడగలరు, రాష్ట్ర చట్టాలతో ఇంకా వెనక్కి వెళ్లగలరు. ఏడాదిలోపు, ఎగ్గొట్టే ఉద్దేశంతో చేసిందని తేలితే మీ అప్పులేవీ రద్దు కావు. "కేసు వేసే ముందు ఆస్తి ఎవరి పేరునైనా మార్చేయండి" అనే లాయర్ ఎదురైతే అక్కడే లేచి వచ్చేయండి.

బంధువుల చేబదులుదీ ఇదే గొడవ. డల్లాస్‌లో ఉన్న బావ దగ్గర తీసుకున్న 5,000 డాలర్లు ముందుగా తీర్చేసి ఆ తర్వాత బ్యాంక్రప్సీ వేద్దామనుకోవడం మన మర్యాద. చట్టం దృష్టిలో అది మిగతా అప్పులవాళ్లని పక్కనపెట్టి అయినవాళ్లకి ఇవ్వడం. మామూలు అప్పులవాళ్లకి కట్టినదైతే 90 రోజులే చూస్తారు, బంధువులకైతే ఏడాది వెనక్కి చూస్తారు. ట్రస్టీ ఆ డబ్బు మీ బావనే అడుగుతారు. ఆయన్ని ఆ ఇరకాటంలో పెట్టకూడదంటే, ఇవ్వకముందే లాయర్‌కి చెప్పాలి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే తేదీలతో సహా చెప్పాలి. కేసు అయిపోయాక మీ ఇష్టపూర్వకంగా బావకి ఇవ్వడానికి అడ్డేమీ లేదు. అమ్మకి నెలనెలా పంపే 300 డాలర్లు కూడా రాయాలి. 2 ఏళ్లలో ఒక మనిషికి మొత్తం 600 డాలర్లు దాటి ఇచ్చిన బహుమతులన్నీ ఫారంలో అడుగుతారు.

నాలుగోది చదువు అప్పు. ఊళ్లోని బ్యాంకులో నాన్న సహ రుణగ్రహీతగా, ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన ఎడ్యుకేషన్ లోను అమెరికా బ్యాంక్రప్సీతో తీరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. చదువు అప్పులు తీవ్ర కష్టాన్ని కోర్టులో విడిగా రుజువు చేసుకుంటే తప్ప రద్దు కావు. అయినా అమెరికా కోర్టు స్టే శ్రీకాకుళం బ్రాంచి మేనేజర్‌ని ఆపదు, నాన్న పెట్టిన సంతకం సంతకమే. కట్టకపోతే 2002 సర్ఫేసీ చట్టం కింద తాకట్టు ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకోవచ్చు. వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు గానీ దావా వేసే దారి బ్యాంకుకి ఉంటుంది. కాబట్టి ఇక్కడి కార్డుల అప్పు రద్దయితే మిగిలే జీతంతో అక్కడి ఈఎంఐ ఎలా కడతారన్న లెక్క లాయర్‌తో కలిసి వేసుకోండి. బ్యాంక్రప్సీ వల్ల మీ ఇంటికి జరిగే అసలు మేలు అదే కావచ్చు.

అర్హత సరిచూసుకోవడం

తెలుగువాళ్లని, హెచ్-1బి చక్కగా చేశారని, సంఘం పిక్నిక్‌లో కలిశారని లాయర్‌ని పెట్టుకోకండి. ఇమ్మిగ్రేషన్ వేరు, బ్యాంక్రప్సీ వేరు. మన భాష వచ్చిన బ్యాంక్రప్సీ లాయర్ దొరికితే అదృష్టమే, కానీ ముందు చూడాల్సింది భాష కాదు.

రాష్ట్ర బార్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే లైసెన్సు నడుస్తోందా, క్రమశిక్షణ చర్యలున్నాయా తెలుస్తుంది. తర్వాత పేసర్ అనే ఫెడరల్ కోర్టుల సైట్. పేజీకి 10 సెంట్లు, 3 నెలల్లో బిల్లు 30 డాలర్లు దాటకపోతే అసలు తీసుకోరు. అమెరికాలో మీరుండే జిల్లా బ్యాంక్రప్సీ కోర్టులో ఆ లాయర్ వేసిన కేసులు నాలుగైదు తెరిచి చూడండి. కాగితాలు ఇవ్వనందుకు కేసులు వరసగా కొట్టేస్తున్నారంటే, ఆ ఆఫీసులో పని ఎవరూ చూడటం లేదని అర్థం. అమెరికన్ బోర్డ్ ఆఫ్ సర్టిఫికేషన్ కన్స్యూమర్ బ్యాంక్రప్సీలో ఇచ్చే ధ్రువీకరణ ఉందేమో, టెక్సాస్, కాలిఫోర్నియాల్లో అయితే రాష్ట్రం ఇచ్చే స్పెషలిస్టు గుర్తింపు ఉందేమో చూడండి. ఎన్ఏసీబీఏ అనే కన్స్యూమర్ బ్యాంక్రప్సీ లాయర్ల సంఘంలో సభ్యత్వం మంచి గుర్తే గానీ, అదొక్కటే సరిపోదు.

ప్రాజెక్టు మారిందని రాష్ట్రం మారేవాళ్లు ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి: "నాకు ఏ రాష్ట్రం మినహాయింపులు వర్తిస్తాయి?" గత 180 రోజుల్లో ఎక్కువ భాగం ఎక్కడున్నారో అక్కడ కేసు వేస్తారు. కానీ ఇల్లు, కారు, బంగారం ఎంతవరకు దక్కుతాయన్నది గత 730 రోజులు ఒకే రాష్ట్రంలో ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది. పోయిన ఏడాది టెక్సాస్ నుంచి న్యూజెర్సీ వచ్చినవాళ్లకి టెక్సాస్ చట్టమే వర్తించే అవకాశం ఉంది. మీరు ఎప్పుడు మారారో అడగకుండానే జవాబు చెప్పేసే లాయర్ తొందరపడుతున్నట్టే.

కాగితాలు నింపిపెడతాం అనే పిటిషన్ ప్రిపేరర్లు లాయర్లు కారు. వాళ్లు టైపు చేయగలరు అంతే, చాప్టర్ 7 వేయాలో 13 వేయాలో చెప్పడానికి కూడా చట్టం ఒప్పుకోదు. అప్పు సగానికి తగ్గిస్తామని ఫోన్ చేసే సెటిల్‌మెంట్ కంపెనీలు ఒక్క అప్పైనా తేల్చకముందే ఫీజు అడిగితే అది నిబంధనలకు విరుద్ధం. పైగా అలా మాఫీ అయిన మొత్తానికి ఆదాయమన్నట్టు పన్ను పడొచ్చు. బ్యాంక్రప్సీలో రద్దయిన అప్పుకి ఆ పన్ను లేదు.

ఫీజు, కాంట్రాక్టు

కోర్టు ఫీజు చాప్టర్ 7కి 338 డాలర్లు, చాప్టర్ 13కి 313. ఇది లాయర్ ఫీజు కాదు, కలిపి చెప్పారో విడిగా చెప్పారో అడగండి. చాప్టర్ 7లో లాయర్ ఫీజంతా ముందే తీసుకుంటారు, ఎందుకంటే కేసు వేశాక మిగిలిన బాకీ వాళ్లదీ రద్దయిపోతుంది. చాప్టర్ 13లో కొంత ముందు, మిగతాది నెలవారీ ప్లాన్‌లోంచి వెళ్తుంది. "సున్నా డాలర్లతో చాప్టర్ 7" అనే ప్రకటనలో సాధారణంగా రెండు కాంట్రాక్టులుంటాయి, ఒకటి కేసుకి ముందు, ఒకటి తర్వాత. మొత్తం కలిపితే మామూలు ఫీజు కన్నా ఎక్కువవుతుంది.

పని మొదలుపెట్టాక 5 పనిదినాల్లోపు, కేసు వేయకముందే, రాతపూర్వక కాంట్రాక్టు ఇవ్వాలని చట్టం. అందులో ఏముందన్నది కాదు, ఏం లేదన్నది చదవండి. కేసు వేశాక ట్రస్టీ పెట్టే మీటింగుకి లాయర్ తానే వస్తారా, కారు లోను కొనసాగించే ఒప్పందం చూస్తారా, ఇండియా ఆస్తిపై ట్రస్టీ ప్రశ్నలు పంపితే ఆ పని ఫీజులోనే ఉందా, గంటల లెక్కా? ఈ చివరిది మనవాళ్లకి ముఖ్యం. పెన్నుతో ఆ కాంట్రాక్టులోనే రాయించుకోండి.

కేసుకి ముందు 180 రోజుల్లోపు, ప్రభుత్వం ఆమోదించిన సంస్థలో క్రెడిట్ కౌన్సెలింగ్ చేయాలి. ఫోన్లోనో నెట్‌లోనో అయిపోతుంది, 50 డాలర్ల లోపే. ఆ సర్టిఫికెట్ లేకుండా వేస్తే కేసు కొట్టేస్తారు. కేసు తర్వాత రెండో కోర్సు ఉంటుంది, అది మరిచిపోతే అన్నీ అయ్యాక కూడా అప్పుల రద్దు రాదు. లాయర్‌ని కలిశాక కార్డులు గీకడం ఆపండి. 90 రోజుల్లోపు ఒకే అప్పులవాడి దగ్గర 900 డాలర్లు దాటిన విలాస ఖర్చు మోసంగానే లెక్కకొస్తుంది. అది కాదని రుజువు చేయాల్సింది మీరే.

341 మీటింగు

కేసు వేసిన నెల రోజుల ప్రాంతంలో ట్రస్టీ మిమ్మల్ని ప్రమాణం చేయించి ప్రశ్నలడిగే మీటింగు ఉంటుంది, బ్యాంక్రప్సీ చట్టంలోని సెక్షన్ నంబరుతో దాన్ని 341 మీటింగు అంటారు. ఇప్పుడు ఎక్కువగా జూమ్‌లోనే. ఇంగ్లీషు సరిగా రాని భార్య గానీ, మీ మీద ఆధారపడి వచ్చిన తల్లిదండ్రులు గానీ కేసులో ఉంటే తెలుగు దుబాసీని ఫోన్‌లో ఉచితంగా ఏర్పాటు చేస్తారు. ముందుగానే లాయర్‌తో చెప్పించాలి. ఇంట్లోవాళ్లు తర్జుమా చేస్తామంటే ఒప్పుకోరు. ఉద్యోగం పోయి, వీసా మీద ఉండనిచ్చే 60 రోజుల గడువులో ఇండియా వెళ్లిపోవాల్సి వస్తుందనుకుంటే అది లాయర్‌కి మొదటి రోజే చెప్పండి, అక్కడి నుంచి హాజరవడానికి ట్రస్టీ ముందే ఒప్పుకోవాలి.

పేరు దగ్గర జాగ్రత్త. పాస్‌పోర్టులో ఇంటిపేరు, "వెంకట", "అప్పలనాయుడు" మూడు ముక్కలుగా ఉండి, సోషల్ సెక్యూరిటీ కార్డులో రెండు ముక్కలు కలిసిపోయి, డ్రైవింగ్ లైసెన్సులో ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయి ఉంటుంది. పిటిషన్‌లో గత 8 ఏళ్లలో వాడిన పేర్లన్నీ రాసే గడి ఉంటుంది, ఈ మూడు రూపాలూ అందులో రాయించండి. మీటింగు రోజు ఫొటో ఐడీ, సోషల్ సెక్యూరిటీ రుజువు దగ్గర పెట్టుకోండి. ఆ రెండూ పిటిషన్‌తో సరిపోలకపోతే మీటింగు మరో వాయిదాకి పోతుంది.