ఆర్మీ నుంచి రిటైరయ్యేవారికి ఏమివ్వాలి?

మీ బంధువుల్లో ఎవరైనా ఆర్మీ నుంచి రిటైరై వస్తుంటే శాలువా, గోడ గడియారం ఆలోచన పక్కన పెట్టి, ఆయన మెడల్స్‌కి ఫ్రేమ్ కట్టించండి. చాలా ఇళ్లల్లో అవి బీరువా అడుగున ప్లాస్టిక్ కవర్లోనే ఉండిపోతాయి.

ముందు వదినగారినో పిన్నినో అడిగి, ఆయన యూనిఫారంలో మెడల్స్ పెట్టుకున్న ఫొటో తెప్పించుకోండి. ఏ మెడల్ పక్కన ఏది రావాలో సైన్యంలో కచ్చితమైన వరస ఉంటుంది. ఫ్రేమ్ షాపతను రంగులు చూసి సర్దేస్తే, ఆయన కంటికి మొదట ఆనేది ఆ తప్పే. సికింద్రాబాద్ తిరుమలగిరి, లాల్‌బజార్ వైపు మిలిటరీ టైలర్లకు ఈ వరస కొట్టిన పిండి.

జిగురు మాత్రం అస్సలు వాడనివ్వకండి. మెడల్ అంచు మీద ఆయన నంబరు, పేరు చెక్కి ఉంటాయి, అవి చెడిపోకూడదు. రిబ్బన్లు దారంతో కుట్టించండి. లోతైన పెట్టె ఫ్రేమ్ తీసుకుని, వెనక తలుపు తెరుచుకునేలా చేయించండి. జనవరి 26కి, ఆగస్టు 15కి ఆయన వాటిని మళ్లీ గుండెల మీద పెట్టుకోవాలనుకుంటారు కదా! ఎండ పడే గోడ వద్దు, రిబ్బన్ వెలిసిపోతుంది.

కింద ఇత్తడి రేకు మీద పేరు, రెజిమెంటు, చేరిన సంవత్సరం చాలు. జవాన్లు చాలామంది నలభై అటూ ఇటూగానే బయటికొస్తారు, ‘ఇక విశ్రాంతి’ అని రాయించకండి.