లినక్స్ కెర్నెల్ నెట్‌వర్కింగ్ లోపాల నుంచి సర్వర్‌ను కాపాడుకోవడం ఎలా?

నెట్‌వర్క్ నుంచి వచ్చే ప్రతి ప్యాకెట్‌నూ సాధారణంగా ముందుగా విప్పి చూసేది ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెలే. ఏ అప్లికేషన్‌కూ లేని అధికారాలు దానికి ఉంటాయి కాబట్టి, ఆ కోడ్‌లో చిన్న లెక్క తప్పినా సర్వర్ మొత్తం పడిపోవచ్చు. 2019 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్ బయటపెట్టిన ‘సాక్ పానిక్’ అటువంటిదే. టీసీపీ సాక్ (ఏ ప్యాకెట్లు అందాయో పంపినవారికి తెలిపే సౌకర్యం) సెగ్మెంట్లను ఒక ప్రత్యేక క్రమంలో పంపితే 16 బిట్ల లెక్క పరిమితి దాటిపోయి, దాడిచేసే వ్యక్తికి లాగిన్ అవసరమే లేకుండా కెర్నెల్ కుప్పకూలేది. అయితే ఇలా బయటి నుంచి నేరుగా తగిలే లోపాలు తక్కువ. సాధారణ ఖాతా దొరికినవారు రూట్ (సంపూర్ణ నిర్వాహక) అధికారం చేజిక్కించుకోవడానికి వాడుకునేవే ఎక్కువ.

మొదటి దశ: నడుస్తున్న కెర్నెల్ ఏదో చూడండి

‘యూనేమ్’ ఆదేశాన్ని ‘ఆర్’ ఆప్షన్‌తో ఇస్తే ప్రస్తుతం నడుస్తున్న కెర్నెల్ వెర్షన్ కనిపిస్తుంది. ఆ సంఖ్య పాతదిగా ఉన్నంత మాత్రాన లోపం ఉన్నట్టు కాదు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 మొదటి నుంచీ 4.18 సంఖ్యనే ఉంచుకొని, కొత్త సవరణలను అందులోకే తెచ్చి కలుపుతూ వచ్చింది. కాబట్టి మీ డిస్ట్రిబ్యూషన్ భద్రతా ప్రకటనలో సంబంధిత సీవీఈ సంఖ్యను (బయటపడిన లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) వెతికి, సవరించిన ప్యాకేజీ వెర్షన్‌తోనే పోల్చుకోవాలి.

రెండవ దశ: అప్‌డేట్ చేసి రీబూట్ చేయండి

చాలామంది సగంలో ఆపేసేది ఇక్కడే. కొత్త కెర్నెల్ డిస్క్‌లోకి చేరినా, లైవ్ ప్యాచింగ్ (నడుస్తున్న కెర్నెల్‌ను రీబూట్ లేకుండానే సవరించే) ఏర్పాటు లేనిచోట రీబూట్ అయ్యేదాకా మెమరీలో నడిచేది పాతదే.

మూడవ దశ: వాడని ప్రోటోకాల్స్‌ను మూసేయండి

నా ఉద్దేశంలో అప్‌డేట్ తరువాత అత్యంత ఫలితమిచ్చే పని ఇదే. 2017 ఫిబ్రవరిలో బయటపడిన సీవీఈ-2017-6074 డీసీసీపీ అనే ప్రోటోకాల్ కోడ్‌లోనిది. 2005 నుంచి ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. డీసీసీపీని వాడేవారు బహు కొద్దిమంది, అయినా చాలా డిస్ట్రిబ్యూషన్లలో ఆ మాడ్యూల్ (అవసరమైనప్పుడు కెర్నెల్‌లోకి లోడ్ అయ్యే భాగం) సిద్ధంగా ఉండేది. లోడ్ అయిన మాడ్యూల్స్‌ను చూపే ‘ఎల్ఎస్‌మాడ్’ జాబితాలో అది కనిపించలేదని నిశ్చింతగా ఉండటానికి లేదు, ఎందుకంటే సాధారణ యూజర్ ఆ రకం సాకెట్ అడిగిన మరుక్షణమే కెర్నెల్ దానిని తనంతట తానే లోడ్ చేసుకోగలదు.

దీనిని ఆపడానికి ‘ఈటీసీ’ కింద ఉన్న ‘మోడ్‌ప్రోబ్ డాట్ డి’ డైరెక్టరీలో ఒక ఫైల్ సృష్టించి, ‘ఇన్‌స్టాల్’ అనే పదం, మాడ్యూల్ పేరు, ‘బిన్’ డైరెక్టరీలోని ‘ఫాల్స్’ ప్రోగ్రామ్ పూర్తి పాత్, ఈ మూడింటినీ మధ్యలో ఖాళీ వదిలి ఒకే వరుసలో రాయాలి. డీసీసీపీ, టీఐపీసీ, ఆర్‌డీఎస్, ఎస్‌సీటీపీ అనే ప్రోటోకాల్స్‌కు ఒక్కో వరుస చొప్పున రాయండి. టెలికాం సాఫ్ట్‌వేర్ నడిపేవారు మాత్రం ఎస్‌సీటీపీని ముట్టుకోకూడదు.

నాల్గవ దశ: యూజర్ నేమ్‌స్పేస్‌లపై నిర్ణయం తీసుకోండి

ఫైర్‌వాల్ నియమాలను నడిపే ఎన్ఎఫ్ టేబుల్స్‌లోని సీవీఈ-2024-1086ను వాడుకోవాలంటే నెట్‌వర్క్ నిర్వాహక అధికారం కావాలి. సాధారణ యూజర్ తన సొంత యూజర్ నేమ్‌స్పేస్ (అధికారాలను వేరుగా లెక్కించే విడి పరిధి) సృష్టించుకుంటే, దాని లోపల ఆ అధికారం అతనికి దక్కుతుంది. కెర్నెల్ సెట్టింగులు మార్చే ‘సిస్‌కంట్రోల్’ ద్వారా గరిష్ఠ యూజర్ నేమ్‌స్పేస్‌ల సంఖ్యను 0 చేస్తే ఈ దారి మూసుకుపోతుంది, కానీ రూట్ లేకుండా నడిచే కంటెయినర్లూ ఆగిపోతాయి, బ్రౌజర్ల శాండ్‌బాక్స్‌కూ (వెబ్ పేజీలను విడిగా బంధించి ఉంచే రక్షణ) ఇబ్బంది కలుగుతుంది. అందువల్ల ఇవి నడపని సర్వర్లకే ఇది తగిన మార్గం.

అయిదవ దశ: తాత్కాలిక ఉపాయాలను తాత్కాలికంగానే ఉంచండి

వెంటనే రీబూట్ చేయలేని పరిస్థితిలో, సాక్ పానిక్ విషయంలో చేసినట్టు, లోపమున్న సౌకర్యాన్నే ఆపవచ్చు. సాక్‌ను ఆపితే ప్యాకెట్లు తరచూ పోయే లింకులపై వేగం తగ్గుతుంది. కాబట్టి సెట్టింగ్‌ను ఫైల్‌లో రాసి ఉంటే, సవరించిన కెర్నెల్ వచ్చాక గుర్తుంచుకుని తొలగించాలి.

రీబూట్ తరువాత కెర్నెల్ వెర్షన్‌ను మళ్లీ చూసి, ‘మోడ్‌ప్రోబ్’ ఆదేశంతో డీసీసీపీని లోడ్ చేయడానికి ప్రయత్నించండి. ఎర్రర్ రావాలి. రాకుండా మాడ్యూల్ లోడ్ అయితే, మూడవ దశలో సృష్టించిన ఫైల్ పేరు చివర ‘డాట్ కాన్ఫ్’ ఉందో లేదో చూడండి. అది లేని ఫైల్‌ను మోడ్‌ప్రోబ్ చదవదు.