కాన్పు తర్వాత మళ్లీ డ్రగ్స్ జోలికి పోకుండా: తొమ్మిదో నెలలోనే చేసుకోవాల్సిన ఏర్పాట్లు

మెథ్ (మెథాంఫెటమిన్), కొకైన్ లాంటి హుషారు పుట్టించే డ్రగ్స్‌ను కడుపుతో ఉన్నన్నాళ్లూ ముట్టని తల్లులు కూడా కాన్పయిన తొలి ఏడాదిలో మళ్లీ వాటి వైపు వెళ్లడం తరచూ జరుగుతుంది. మనసు గట్టిది కాకపోవడం దీనికి కారణం కాదు. నిద్ర ఉండదు, దిగులు కమ్ముకుంటుంది, నెలనెలా ఆసుపత్రికి వెళ్లే పని ఆగిపోతుంది. ఒక్కసారి తీసుకుంటే ఒళ్లు తేలికై పనులన్నీ చకచకా అయిపోతాయన్న పాత జ్ఞాపకం సరిగ్గా అప్పుడే తలెత్తుతుంది. అందుకే తల తేటగా ఉన్నప్పుడే, కాన్పుకు ముందే ఏర్పాట్లు చేసుకోవాలి.

అన్నిటికన్నా ముందు నిద్ర. రాత్రి వరుసగా నాలుగైదు గంటలు తల్లిని ఎవరూ లేపకూడదు. రాత్రి బిడ్డను చూసే వంతులను 9 నుంచి 2 దాకా అమ్మమ్మ, ఆ తర్వాత తల్లి, వారంలో రెండు రాత్రులు భర్త అని పేర్లతో రాసి గోడకు అంటించండి. తల్లి నిద్రపోయేటప్పుడు బిడ్డకు పట్టడానికి పాలు పిండి పెట్టుకోవచ్చు. ఆ పాలు 25 డిగ్రీల గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు నిలుస్తాయి. మన ఎండల్లో ఫ్రిజ్‌నే నమ్ముకోండి. ‘పగలు పడుకుంటుందిలే’ అని వదిలేసే ఇళ్లలోనే ఈ ఏర్పాటు చెడుతుంది. చూడవచ్చేవాళ్లతో పగలు కూడా కన్ను మూతపడదు.

డీఅడిక్షన్ డాక్టరు అపాయింట్‌మెంట్లను బిడ్డ టీకా రోజులకే ముడిపెట్టండి: 6, 10, 14 వారాలు. ఎలాగూ బయటికి వెళ్లే రోజు కాబట్టి తప్పిపోదు, ఎందుకని ఎవరూ అడగరు. అదే రోజు దిగులును కొలిచే ఎడిన్‌బరో ప్రశ్నావళి నింపండి. పది ప్రశ్నలు, 30 మార్కులు. 13 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే సైకియాట్రిస్టును కలవాలి. తనకు తాను హాని చేసుకోవాలనిపిస్తోందని చివరి ప్రశ్నకు జవాబొస్తే, మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే చూపించాలి.

ఈ అలవాటును మాన్పించడానికంటూ ఆమోదం పొందిన మందు ఏదీ లేదు. బాగా పనిచేసేవి కౌన్సెలింగ్, దానితోపాటు ప్రోత్సాహక పద్ధతి. వారానికి రెండు మూడుసార్లు మూత్ర పరీక్ష చేసి, శుభ్రంగా వచ్చిన ప్రతిసారీ అక్కడికక్కడే చిన్న కూపన్ ఇస్తారు. వరుస కొనసాగేకొద్దీ విలువ పెరుగుతుంది, తప్పితే మొదటికొస్తుంది. ఈ పరీక్ష క్లినిక్‌లోనే జరగాలి. ఇంట్లో అత్తగారే మూత్రం పట్టమని చేతికి డబ్బా ఇస్తే అది కాపలా అవుతుంది, తల్లి దాచడం నేర్చుకుంటుంది.

మూడో నెలలోనో ఐదో నెలలోనో పుట్టింటి నుంచి తిరిగి వెళ్లే వారం చాలా ప్రమాదం. పాత ఊరు, పాత ఫోన్ నంబర్లు, చేతిలో బారసాల చదివింపుల డబ్బు. ప్రయాణానికి ముందే నంబర్లు బ్లాక్ చేయించి, డబ్బు బిడ్డ పేరున ఖాతాలో వేయండి. భర్తకూ అలవాటుంటే ఆయన చికిత్స మొదలవకుండా తల్లిని ఆ ఇంటికి పంపకండి. లావయ్యావన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. బరువు తగ్గుతామనే ఆశతో మళ్లీ మొదలుపెట్టేవాళ్లున్నారు.

కోరిక ఉప్పెనలా వచ్చినా సాధారణంగా అరగంటలో తగ్గుతుంది. ఆ అరగంట ఒంటరిగా ఉండకుండా, ఎవరికి ఫోన్ చేయాలో ముందే అనుకోండి. రాత్రివేళ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది.

ఒకవేళ తీసుకుంటే, బిడ్డ పక్కన పడుకోకండి. మత్తు దిగేటప్పుడు పట్టే మొద్దునిద్రలో ఏడుపు వినిపించదు. ఆ పాలు పట్టకండి, పాలు ఆగిపోకుండా పిండి పారబోయండి. మెథ్‌కు 24 గంటలు చాలవు, మళ్లీ ఎప్పుడు పట్టాలో డాక్టరే చెప్పాలి. అందుకే డబ్బాపాలు ఒకటి ముందే తెచ్చిపెట్టుకోండి. ఛాతీనొప్పి, ఫిట్స్, ఒళ్లు కాలిపోయే జ్వరం వస్తే 108. రోజుల తరబడి నిద్రలేకున్నా అలసట లేక, అందరినీ అనుమానిస్తుంటే అది కాన్పు తర్వాత వచ్చే మనోవ్యాధి కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

బిడ్డను లాక్కుంటారన్న భయంతోనే చాలామంది దాస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, చికిత్సకు చేరిన తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదు. బిడ్డకు ప్రమాదముందని డాక్టరు అనుకుంటేనే, అదీ తాత్కాలికంగా. డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేసినప్పుడు, పసిబిడ్డతో చేర్చుకునే చోటు ఎక్కడుందో మొదటే అడగండి.